సత్తెమ్మ మంచం, మా ట్రాన్స్‌ఫార్మర్

తల నెరిసినప్పటి నుంచి ఎవరింటికి వెళ్లినా నాకు చక్కెర లేని టీ ఇస్తున్నారు. నాకు షుగరు లేదు. ఆ సంగతి ఎవరూ అడగరు. మన మేలు కోరేవాళ్లతో వచ్చే చిక్కే ఇది.

విద్యుత్తు శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా నా చివరి పోస్టింగు శంషాబాద్. విమానాశ్రయం పుణ్యమా అని పొలాలు కాలనీలయ్యాయి; ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ఇంకా పొలాల్లోనే ఉన్నామనుకునేవి. ఒక ఎండాకాలం అలాంటి ఒకదాన్ని మార్చాల్సి వచ్చింది. ఈ పనికి ముందు సబ్‌స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ తీసుకోవాలి. తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేదాకా ఆ లైనుకు కరెంటు వదలరు, ఎవరు బతిమాలినా సరే. స్తంభం మీద మనిషి ఉంటాడు కదా.

ఆ కాలనీలో సత్తెమ్మ అనే పెద్దావిడ ఒంటరిగా, ఆక్సిజన్ మిషను మీద బతికేది. అన్నం, మందులు ఇరుగుపొరుగువాళ్లే వంతులవారీగా చూసేవారు. పూటంతా కరెంటు ఉండదని ఆటోలో మైకు పెట్టి చెప్పించాం. కిరాణా కొట్టు యాదగిరి వెంటనే నాయకత్వం స్వీకరించాడు. తెల్లారేసరికి ఆమెను మంచంతో, మిషనుతో సహా పక్క గల్లీలోని తన ఇంటికి మోయించాడు. దారికి మాత్రం సరిపోయే చిన్న సిలిండరు ఒకటి ఉండేది, అది అక్కడికే దాదాపు ఖాళీ అయింది.

నేను లైన్ క్లియర్ అడగబోతుంటే లైన్‌మన్ జంగయ్య వచ్చి చెప్పాడు: “సార్, ముసలమ్మను యాదగిరి ఇంట్ల వెట్టిండ్రు. గా ఇల్లు గుడ మన ట్రాన్స్‌ఫార్మర్ కిందికే వస్తది.”

ఫోను జేబులో పెట్టి పరుగెత్తాను. యాదగిరి ఒప్పుకోలేదు.

“గల్లీ వేరు, కరెంటు వేరు సార్. మొన్న వాళ్లకు పోయింది, మాకు పోలే.”

మొన్న పోయింది ఇదే ట్రాన్స్‌ఫార్మర్ మూడు ఫేజుల్లో ఒకటి. దాని మీదున్న ఇళ్లే చీకటయ్యాయి. మిగతావాళ్లు తమది వేరే ట్రాన్స్‌ఫార్మరని తీర్మానించుకున్నారు. కాలనీలన్నిటా ఇదే శాస్త్రం.

రోడ్డవతల శాంతమ్మ ఇల్లు వేరే ఫీడరు మీద, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే వేరే లైను మీద ఉంది. ఆవిడ చర్చిలో పాటలు పాడిస్తుంది, ముందు గది ఖాళీ చేయిస్తానంది. జంగయ్యను స్తంభం దాకా పంపి సరిచూశాను. యాదగిరి నిండు సిలిండరు కోసం స్కూటరు మీద గగన్‌పహాడ్ వెళ్లొచ్చేదాకా మా సిబ్బంది నీడలో కూర్చుని నన్ను చూస్తూ ఉన్నారు.

మంచం మళ్లీ లేచింది. పైనుంచి సత్తెమ్మ, “నా పెండ్లిల గుడ గింత ఊరేగింపు లేకుండె” అంది.

మిషను శాంతమ్మ ఇంట్లో మళ్లీ మొదలయ్యాకే లైన్ క్లియర్ తీసుకున్నాను. పని సాఫీగా ముగిసింది. ఆ పూటంతా ఆ గదిలో జాగా దొరకలేదట: ఒకరు పులిహోర, ఒకరు అష్టాచెమ్మా గవ్వలు, యాదగిరి కొట్టు మూసేసి మరీ సంజాయిషీలు.

ఆనాటి నుంచి కరెంటు తీసే ముందు మిషను మీదున్నవాళ్లు ఎక్కడున్నారో, ఆ ఇల్లు ఏ లైను మీదుందో స్వయంగా చూసుకునేవాణ్ని. సాయం చేసేవాళ్లు దొరుకుతారు. అడిగి చేసేవాళ్లు అరుదు.

ఆ సాయంత్రం ఆమెను ఇంటికి చేర్చి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. మిషను సరిగ్గా నడుస్తోందా అని చూడబోయాను. సత్తెమ్మ ఖాళీ గదిని ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

“మళ్ల ఎప్పుడు తీస్తవు బిడ్డా కరెంటు?”