వేలు తిప్పే పిల్ల

ఆడపిల్లల కాలేజీల ఇంటర్ చదివేటప్పుడు నా పక్కన కూసునే పిల్ల, ఫిజిక్స్‌ల దారానికి కట్టి తిప్పే బంతి లెక్క వస్తే ముందుగాల గాలిల వేలు గుండ్రంగ తిప్పేది. తర్వాత రెండు వరుసలల్ల జవాబు తీసేది. నాకు పేజీ నిండినా వచ్చేది కాదు.

ఒకనాడు దబీర్‌పురాల మా ఇంటికి వచ్చి, నాకు సమజ్ చేసెతందుకు నీళ్ల బకెట్‌ను తలమీదికెళ్లి గిర్రున తిప్పింది. చుక్క కూడ కింద పడలే. నా పుస్తకం దిక్కు ఎన్నడూ చూడని మా బాపు లేచొచ్చిండు.

"ఇంకోపారి తిప్పు బిడ్డా! పుడితే నీ అసొంటి బిడ్డ పుట్టాలె," అన్నడు.

నాకు కడుపు మండింది. తెల్లారి కాలేజీల, "మా బాపు నిన్ను ఇంటికి రావద్దన్నడు," అని అబద్ధం చెప్పిన.

"గట్లనా?" అని ఆమె తల వంచుకున్నది. అట్లనే నా నోట్‌బుక్ తన దిక్కు జరుపుకొని, "ఏ లెక్క వస్తలేదే నీకు?" అని అడిగింది.

ఆ పొద్దు ఆమెను చూసి ఇంకింత కుళ్లుకున్న.