మూడో నంబరు ముద్ర

వర్క్‌షాపులో ఆమెను అందరూ గేజక్క అనేవారు. పంపుల విడిభాగాలు లేత్ మీంచి దిగి ఆమె బల్ల మీదికే వచ్చేవి. గేజీ పెట్టి కొలిచేది, అంచును వేలితో తడిమేది, బాగుంటే సుత్తితో ఉక్కు అచ్చు మీద ఒక్క దెబ్బ వేసి తనిఖీ గుర్తుగా తనకిచ్చిన మూడో నంబరు దించేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పడేసేది.

"ఈ ఒక్కటీ పోనీవే అక్కా, నీకు పుణ్యముంటుంది" అని లేత్ మేస్త్రీ బతిమాలేవాడు.

"ఉప్పు తక్కువైతే కంచం తోసేసే మనిషివి, నువ్వా చెప్పేది?" అనేది.

పదమూడేళ్ళుగా ఇదే వరస.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఆమె భర్త సరిహద్దుకు వెళ్ళాడు. వర్క్‌షాపు అతని అన్నగారిది. చర్చిలో సంఘ పెద్ద కూడా ఆయనే. ఒక సోమవారం పంపు ముక్కలతో పాటు ఫిరంగి గుండ్ల తొడుగులు ఆమె బల్ల మీదికి వచ్చాయి.

ఒకటి తీసి కొలిచింది. వంక పెట్టడానికి లేదు. సుత్తి అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బావగారు వచ్చారు. "ఏమ్మా, తేడా ఉందా?"

"లేదు బావగారూ, చక్కగా ఉంది."

"మరి కొట్టు."

"కొట్టను."

లేత్‌లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఆదివారం పాస్టరుగారు చెప్పింది విన్నావుగా? ఇంటి మీదికొచ్చినవాణ్ణి ఆపడం పాపం కాదన్నారు."

"విన్నాను. మరి ప్రభువు కత్తి ఒరలో పెట్టమన్నది ఎవరితో? ఆయన్ని కాపాడ్డానికి దూసినవాడితోనే కదా!"

"నీ మొగుడు అక్కడున్నాడే! వాడికి గుండు అందకపోతే?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"ఆయనకేమన్నా అయితే ఈ రోజు నేను చేసింది నన్ను బతకనివ్వదు, నాకు తెలుసు. అయినా నా ముద్రంటే పూచీ బావగారూ. పంపు నీళ్ళు బాగా తోడుతుందని పూచీ పడ్డాను. ఇది మనిషిని బాగా చంపుతుందని పడమంటారా?"

"నువ్వు కాకపోతే ఇంకొకరు కొడతారు."

"కొట్టుకోనివ్వండి. వాటి మీద నా మూడు మాత్రం ఉండదు."

"అయితే ఆ అచ్చు అక్కడ పెట్టి ఇంటికి పో!"

ఆమె సానచక్రం దగ్గరకు నడిచింది. నిప్పురవ్వలు చీర మీద పడుతున్నా, అంకె చెరిగిపోయేదాకా అచ్చును అదిమిపట్టింది. బోడి ఉక్కు ముక్కను ఆయన ముందు పెట్టింది.

"ఉక్కు మీది. నంబరు నాది."

మర్నాడు ఎనిమిదింటికి క్యారేజీతో సహా గేటు దగ్గరకు వచ్చింది.

"లోపలికి రానివ్వొద్దన్నారక్కా" అన్నాడు కాపలా తాత, ఆమె ముఖం చూడలేక.

"నేను కాదన్నది గుండ్ల పనే తాతా, పంపుల పని ఇంకా ఉంది. వద్దన్న మాటేదో ఆయన్నే వచ్చి నాతో చెప్పమను" అంటూ గేటుకు ఎదురుగా నిలబడింది.