హెప్సిబా బీరువాలో రెండో తీగ

హెప్సిబా ఒకచోట కూర్చుని మాట్లాడగా నేను చూడలేదు. లక్సెట్టిపేటలో వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా నాకు కుర్చీ వేస్తుంది, తను మాత్రం ముందు గదికీ వెనక గదికీ మధ్య తిరుగుతూనే చెబుతుంది. సగం మాట ఇక్కడ, సగం అక్కడ. నేను ఓపిగ్గా అతికించుకుంటాను.

వెనక గదిలో ఉన్నది పాత చెక్క బీరువా. బట్టలు తీసేసి అందులో కోడిగుడ్లు పొదిగిస్తుంది. అడుగున కరెంటుకు కాగే తీగ చుట్ట, దాని మీద నీళ్ల గిన్నె, పై అరల్లో గుడ్లు, లోపల థర్మామీటర్. ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాలి. వేడిని తనంతట తానే ఆపే డబ్బా ఒకటి ఉండేదట. అది కాలిపోయాక ఆ పని కూడా హెప్సిబాదే. అంతకుముందు చాలా ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా చేసింది, నెలలు నిండని పిల్లల పెట్టెల దగ్గర.

"గా పిల్లలు జర తేడా వస్తే ఏడ్సేటోళ్లు. గీ గుడ్లు ఏడ్వయి. గదే నా పరేషాన్," అంటుంది.

ఈ యాసంగి పంట కాలంలో పక్కింటి అక్బరీ బేగం కొంగులో గుడ్లు పట్టుకుని వచ్చింది. అసీల్ అనే పందెం కోడి జాతి గుడ్లు. భైంసాలోని పుట్టింటివాళ్లు ఆమెకు పెళ్లినాడు ఇచ్చిన కోడి సంతతి అది. తెగులొచ్చి మిగతావన్నీ పోయాయి, పొదుగు మీదున్న ఆఖరి పెట్టను కుక్క పట్టుకుపోయింది. ఆ సంతతిలో ఇక మిగిలినవి కొంగులో ఉన్న గుడ్లే.

"బేటీ, వీటి అమ్మ పోయింది. ఇగ నువ్వే అమ్మవు."

"నేను కాదు ఖాలా, కరెంటే అమ్మ."

"గట్లయితే మీ కరెంటమ్మకు చెప్పు, నడుమ నడుమ ఊరికి పోవద్దని!"

కరెంటు పోలేదు, నీరసించింది. పొద్దున్నే పొలాల్లో మోటర్లన్నీ మొదలయ్యేసరికి బీరువాలో వేడి ముప్పై అయిదుకు దిగింది. హెప్సిబా మీటర్ పెట్టి చూసింది. రెండు వందల ముప్పై ఉండాల్సిన వోల్టేజీ నూట అరవై ఉంది. మూడో వంతు తగ్గింది కాబట్టి వేడి కూడా మూడో వంతే తగ్గుతుందనుకుంది. బీరువా చుట్టూ గోనెసంచులు కప్పి, ఆ లోటు పూడుతుందని చూసింది. థర్మామీటర్ ముల్లు కదల్లేదు. మళ్లీ చూసింది, మళ్లీ చూసింది. చివరికి మంచిర్యాలలో పాలిటెక్నిక్ చదువుతున్న కూతురు ఆరాధనకు ఫోన్ చేసింది.

"అవ్వా, మామూలుగ తీగల ఎన్ని ఆంపియర్లు పోతయి?"

"ఒకటి."

"అంటే రెండు వందల ముప్పైని ఒకటితోని భాగించు. నిరోధం రెండు వందల ముప్పై ఓమ్‌లు. అది మారది. ఇప్పుడున్న నూట అరవైని దాంతోని భాగించు."

"సున్నా పాయింట్ ఏడు."

"చూసినవా? వోల్టేజీతోని పాటు ఆంపియర్లు గూడ తగ్గినయి. వాట్లు కావాల్నంటే రెంటినీ గుణించాలె."

హెప్సిబా గుణించింది. రెండు వందల ముప్పై వాట్ల వేడి నూట పన్నెండుకు పడింది. మూడో వంతు కాదు, సగం పోయింది.

సరిగ్గా అలాంటిదే ఇంకో తీగ చుట్ట తెచ్చి మొదటిదాని పక్కన, విడి స్విచ్చితో బిగించింది. రెండూ వేస్తే నీరసపు కరెంటులో కూడా సరిపడా వేడి వస్తోంది. "కని వోల్టేజీ మళ్ల పెరిగిందనుకో, రెండు తీగలు కలిసి నాలుగు వందల అరవై. గుడ్లు ఉడుకుతయి," అంది నాతో, ఇప్పుడే జరుగుతున్నట్టు వెనక గది వైపు చూస్తూ.

అందుకే, వోల్టేజీ పడిపోకుండా ఉంటే రెండో తీగే అక్కర్లేదని, పొలంలో మోటర్ నడిపే రైతు అంతయ్యను అడిగింది. "అన్నా, గుడ్లు పిల్లలయ్యేదాక జర మోటర్ తక్కువ నడిపియ్యరాదే?"

"మరి నా నారు ఎండితే నీ కోళ్లొచ్చి నీళ్లు పోస్తయా చెల్లె?" అని నవ్వి వెళ్లిపోయాడతను.

ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు హెప్సిబాది. మధ్యాహ్నం దాకా మోటర్లు ఆగవన్న ధైర్యంతో రెండు తీగలూ వేసే వెళ్లింది. చర్చికీ ఆ వీధికీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. ఆమె చదువుతుండగా నెత్తి మీద ఈడ్చుకుంటూ తిరుగుతున్న ఫ్యాను ఒక్కసారిగా జోరందుకుంది. చేతిలోని కాగితాలు ఎగిరాయి. మోటర్లు ఆగి వోల్టేజీ పెరిగిందని ఆమెకు వెంటనే అర్థమైంది. వచనం సగంలో ఆపి, పుస్తకం పక్కామె చేతిలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

థర్మామీటర్ నలభై దాటి ఉంది. రెండో తీగ ఆపింది, తలుపులు బార్లా తెరిచింది, నీళ్లు చల్లింది. ఇంతలో అంతయ్య వాకిట్లోకి వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"చెల్లె, వోల్టేజీ ఎట్లుంది? నీ గుడ్ల కోసమని అందరికి జెప్పి మోటర్లు బంద్ పెట్టిచ్చిన!"

హెప్సిబా తిట్టకుండా, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "మస్తుంది అన్నా. ఇగ మంచి పని చేసే ముంగట ఒక్క ఫోన్ కొట్టు."

అక్బరీ బేగం సెల్‌ఫోన్ లైటు మీద ఒక్కో గుడ్డు పెట్టి చూసింది. కొన్నింట్లో లోపలి పిల్ల నీడ కదిలింది. కొన్నింట్లో కదల్లేదు. కదలనివి కూడా తీయనివ్వలేదు. "ఉండనీ బేటీ, నిద్రల ఉన్నయేమో," అంది. ఆ మాట తర్వాత హెప్సిబా ఇల్లు దాటలేదు. పాస్టరమ్మ పలకరించడానికి వస్తే గుమ్మంలోంచే మాట్లాడి పంపింది. గంటకోసారి వోల్టు, ఆంపియరు, గుణకారం. అన్నం కూడా నిలబడే తిన్నది.

సగానికి పైగా గుడ్లు అలాగే ఉండిపోయాయి. మిగతావి చిట్లాయి. తడి ఆరగానే ఒక పిల్ల మెడ నిక్కించి, అరలోంచి తీయబోయిన హెప్సిబా వేలును కసిగా పొడిచింది.

అక్బరీ బేగం కళ్లు తుడుచుకుని నవ్వింది. "మా భైంసా కోడే. ఇగ ఫికర్ లేదు."