ఇప్పచెట్ల కింద నా ఆరోగ్యయాత్ర

నేను ఆరోగ్యం కోసం పరుగెత్తిన ఒకే ఒక్క ఉదయం, మా ఊరి ఇప్పపువ్వంతా మేకలకు విందైపోయింది. పరుగుకూ మేకలకూ ఏం సంబంధమని మీరడగవచ్చు. మా మేనత్త ముత్తమ్మ కూడా అదే అడిగింది. కాకపోతే ఆమె చేతిలో కర్ర ఉంది.

మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ని నేనే. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉండే మా ఊరిలో ఆరోగ్యచైతన్యం తీసుకురావలసిన బాధ్యత కూడా నాదేనని ఒక వ్యాయామ వెబ్‌సైటు నన్ను నమ్మించింది. "చేతులు పైకెత్తి పరుగెత్తండి. మిమ్మల్ని చూసి నలుగురూ కదులుతారు" అని అందులో రాసి ఉంది. వేదవాక్యంగా స్వీకరించాను.

తెల్లవారగానే ఎర్ర బనియను తొడుక్కుని, రెండు చేతులూ పైకెత్తి, ఇప్పచెట్ల మధ్య నుంచి దూసుకుపోయాను. రాలిన పువ్వు ఏరుకుంటున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. మరుక్షణం గంపలు వదిలేసి నా వెంట పరుగు! వెబ్‌సైటు మాట ఇంత త్వరగా ఫలిస్తుందని ఊహించని నాకు ఆనందంతో కళ్లు చెమ్మగిల్లాయి.

"ఆగొద్దు! ఇంకా జోరుగా!" అని వెనక్కి తిరిగి అరిచాను.

"ఓరి నాయనో, దగ్గరికొచ్చినట్టుందే! జల్దీ ఉరకుండ్రే!" అని కేక వేస్తూ, మోకాళ్ల నొప్పులతో నడవడమే కష్టమనే మా అత్త రైలుబండిలా నన్ను దాటిపోయింది.

"శభాష్ అత్తా!" అన్నాను.

తారురోడ్డు ఎక్కాక అందరూ ఆయాసంతో కూలబడ్డారు.

"ఎంత దూరంల ఉందిరా?" అంది అత్త.

"ఏంది అత్తా?"

"గుడ్డెలుగు!"

"ఎలుగుబంటా? నేను చూడలేదే!"

"మరెందుకు ఉరికినవ్‌రా?"

"ఆరోగ్యం కోసం."

అంతవరకు రొప్పుతున్నవాళ్లంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. ఇప్పపువ్వు తినడానికి ఎలుగుబంట్లూ వస్తాయి కాబట్టి, పువ్వు రాలే కాలంలో మా అడవిలో మనిషి పరుగెత్తాడంటే వెనుక ఎలుగుబంటి ఉన్నట్టే. ఈ సంగతి వెబ్‌సైటు రాసినవారికి తెలియకపోవడం క్షమార్హం. అక్కడే పుట్టి పెరిగిన నాకు తోచకపోవడమే విశేషం.

తిరిగి వెళ్లేసరికి, సంతకు చేరవలసిన పువ్వంతా మేకల కడుపుల్లో ఉంది. గంపలను బోర్లా తోసి, "ఇంతేనా?" అన్నట్టు అవి నావైపే చూశాయి.

సాయంత్రం వెబ్‌సైటు, "మీతో ఎవరైనా కలిశారా?" అని అడిగింది. "ఊరంతా" అని నిజాయితీగా రాశాను. "అభినందనలు! మీరు స్ఫూర్తిప్రదాత!" అని వెంటనే జవాబు వచ్చింది. నేరం కొంత తేలికపడుతుందేమోనన్న ఆశతో దానిని అత్తకు చదివి వినిపించాను.

"గట్లనా? అయితే ఆ స్ఫూర్తిప్రదాతను రేపు పొద్దుగాల గంప పట్టుకొని రమ్మను. మేం నీడకు కూసుంటం, ఆయన అందరి పువ్వు ఏరుతడు. వంగుడు, లేసుడు... పానానికి శానా మంచిదట!"

పువ్వు కాలం ముగిసేదాకా వంగుతూనే ఉన్నాను. అందువల్ల, పాఠకులారా, నొప్పి ఇంకా తగ్గని నా నడుము సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట నేను పరుగెత్తవలసి వస్తే, నా వెనుక ఎలుగుబంటి ఉండితీరాలి.