నా మొదటి ప్రశ్న

తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివే రోజులవి. ఫ్లూయిడ్ మెకానిక్స్ మాస్టారు మొదటి క్లాసులోనే రూలు పెట్టారు: "నేను లేపినవాళ్లు ఒక ప్రశ్న అడగాలి. డౌట్లు లేవంటే ఒప్పుకోను."

మర్నాడు నన్నే లేపారు. కొల్లేటి పల్లె నుంచి వచ్చినదాన్ని, అంతమందిలో ఏం అడగాలో తోచక "కూర్చోవచ్చాండీ?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చేసింది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. "అదీ ప్రశ్నేనమ్మా. కూర్చోవద్దు, ఇది జవాబు. ఇంకోటి అడుగు" అన్నారు.

"మా చేపల చెరువు గట్టు పైన సన్నగా, అడుగున అంత వెడల్పుగా ఎందుకు వేస్తారండీ?" అనేశాను.

ఆయన బోర్డంతా తుడిచేసి, "ఇవాళ్టి పాఠం ఇదే" అని, లోతుకొద్దీ నీటి ఒత్తిడి ఎలా పెరుగుతుందో చూపిస్తూ మా గట్టు బొమ్మ గీశారు. నవ్వినవాళ్లే దాన్ని నోట్సులో వేసుకుంటుంటే కలిగిన సంతోషం, తర్వాత ఏ ర్యాంకులోనూ నాకు దొరకలేదు.

– సునీత, ఏలూరు