బాలనాగమ్మ కంటి దిష్టి

దిష్టి తీయడంలో పెద్దముడియం బాలనాగమ్మకు సాటి వచ్చే మనిషి జమ్మలమడుగు తాలూకాలోనే లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు ప్రొద్దుటూరుకు కొత్త బస్సు దిగితే, డ్రైవరు షరీఫ్ ముందుగా ఆమెనే పిలిపించుకున్నాడు. ఆ బస్సు ఏనాడూ బోల్తా పడలేదు. పులివెందులలో పందెం పొట్టేలు మేత మానేస్తే, ఈమె ఉప్పూ మిరపకాయలూ తిప్పిన సాయంత్రానికే అది కట్టుగుంజను కుమ్మింది.

దిష్టి తీసేవాళ్లు "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి" అంటారు. బాలనాగమ్మ ఆ చివరి మాట ఎప్పుడో వదిలేసింది. "నాది సల్లని కన్నమ్మా, దాన్నెందుకు కలపల్ల?" అనేది. ఊరు కూడా ఒప్పుకుంది.

అట్లాంటి మనిషిని పొరుగింటి చిన్నసుబ్బమ్మ ఎనుము చిక్కులో పెట్టింది. ఆ గేదె పాలు అమ్ముకోవడమే సుబ్బమ్మ బతుకు. ఉన్నట్టుండి ఎనుము తన్నడం మొదలుపెట్టి, పొదుగులోకి పాలు చేపడం మానేసింది. బాలనాగమ్మ వచ్చి ఎప్పటిలాగే తిప్పి, మిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఘాటు రాకుంటే దిష్టి దిగినట్టు. ఆ పొద్దు వాకిలంతా దగ్గింది. ఎనుము కూడా తుమ్మింది.

ఎందుకో బాలనాగమ్మకు తెలుసు. తన ఎనుము ఒట్టిపోయిన వారంలోనే సుబ్బమ్మ గిన్నెడు వెన్న చూపించి మురిసిపోతే, దీని ఎనుము పొదుగు ఎండిపోతే బాగుండునని లోలోపల అనుకునింది. పైకి మాత్రం "శానా బాగుంది సుబ్బీ" అనింది.

ఇంటికొచ్చి మొగుడు సిద్దయ్యకు చెప్పుకుంది.

"మనసులో అనుకున్నదానికి తప్పేందే? ఆ కుంటి మేకను దినామూ మనసులో సంపుతాండా. అది నాకంటే బలంగుంది."

"మేక నీది. ఎనుము నాది కాదు గదయ్యా."

"అయితే గమ్మునుండు. బయటికి చెప్తే పేరు పోతాది."

"పేరుంటే నాకుంటాది. సుబ్బికి పాలొస్తాయా?"

మరుసటి దినం పిలవకుండానే పోయింది. ఎనుముకు మళ్లీ దిష్టి తిప్పింది. చివర్న గట్టిగానే అనేసింది: "నా దిష్టి!"

సుబ్బమ్మ పలుపు పట్టుకుని అట్లే నిలబడింది. "ఏందక్కా, కొత్తగా నీదీ కలిపినావు?"

"కలపాల్సి వచ్చిందిలే. నీ ఎనుము ఎండిపోవాలని అనుకున్యా."

"వెన్న చూపించిన పొద్దు నువ్వు చూసిన చూపు నేను చూడలేదా? అందుకే గదా నిన్ను పిలిచినా! పెట్టినోళ్లే తీయల్లని. నిన్న ఆ ముక్క మింగేసి మాకు దగ్గు మిగిల్చిపోయినావు."

"తెలిసినదానివి నువ్వే అనొచ్చు గదే!"

"నీ మనసులోది నేనెట్ల అనేదక్కా?"

మిరపకాయలు నల్లగా కాలినాయి. ఎవరూ దగ్గలేదు. సాయంత్రానికి ఎనుము చేపింది. తాను చెప్పి పెట్టించిన గానుగపిండి మహిమేనంటాడు సిద్దయ్య. బాలనాగమ్మ పేరు పోలేదు సరిగదా, తన కన్ను కూడా కలుపుకునే మనిషని లింగాల నుంచి సైతం బండ్లు కట్టుకుని రాసాగినారు.

ఆ సాయంత్రం సుబ్బమ్మ ఇచ్చిన పాలచెంబు పట్టుకుని వస్తాంటే, నిండు పొదుగు మళ్లీ కంటబడింది. బాలనాగమ్మ గబుక్కున మొగం తిప్పుకుని, "నా దిష్టి, నా దిష్టి" అని ముందుగానే అనేసుకుంటా ఇల్లు చేరింది.