తలకిందుల తెప్ప

దెయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే టీ తాగేసి లేచిపోయే రకం నేను. పలాసలో పెళ్లి ఫోటోలు తీస్తాను. ఫోటోలో వింత కనిపిస్తే లెన్సు తుడుస్తాను, అంతే.

పెళ్లిళ్లు లేనప్పుడు సంతబొమ్మాళి వైపు మా అక్క ఉండే పేటకు వెళ్లి సముద్రాన్ని తీయడం నా పిచ్చి. మాకు సూర్యుడు వెనక కొబ్బరితోటల్లోకి దిగుతాడు. అందరూ అటే చూస్తారు. అసలు వింతలు తూర్పున, నీళ్ల మీద జరుగుతాయి. నీటి దగ్గర గాలి చల్లగా, దానిపైన వెచ్చగా ఉంటే వెలుగు వంగుతుంది. ఎక్కడో దూరాన ఉన్న పడవ తలకిందులుగా ఆకాశంలో కనిపిస్తుంది. దానికోసం ఏళ్ల తరబడి కాపు కాశాను.

బావ ఆటపట్టించేవాడు. "ఏటి బామ్మర్దీ, మబ్బులే తీత్తావా, మడుసుల్ని తియ్యవా? నన్నోపాలి తెప్ప మీద నిలబెట్టి తియ్యి."

అప్పటికే బావ కిడ్నీలు పోయి, పలాసలో డయాలసిస్ జరుగుతోంది. ఎవరైనా పట్టుకుంటే గాని నిలబడలేడు. వేట మానేశాక బావ తెప్ప తాళ్లు విప్పేశారు, దుంగలు ఇసుకలో పడి ఉన్నాయి. తెరచాప అక్క ఇంట్లో అటకెక్కింది. కోలుకున్నాక తీస్తానన్నాను. నిజంగానే తీద్దామనుకున్నాను.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం నా వింత దొరికింది. సముద్రం అంచుకు పైన, గులాబీరంగు ఆకాశంలో, తలకిందులుగా ఒక తెప్ప. దాని మీద ఒక్కడే మనిషి, కాళ్లు పైకి, తల కిందికి. కింద నీళ్ల మీద ఏమీ లేదు. సంతోషంతో వరసగా తీస్తూనే ఉన్నాను. తీసేటప్పుడు ఫోను సైలెంట్‌లో పెట్టి సంచిలో పడేస్తాను. ఆ రోజూ అంతే.

చీకటి పడకముందే పేటకు నడిచాను. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పేటలో ఎవరైనా పోతే ఆ రోజు ఎవరూ వేటకు దిగరు. ఎవరు పోయారని ఒడ్డున కూర్చున్న ముసలాయన్ని అడిగాను.

"నీకు తెల్దేటి? మీ బావే. మజ్జాన్నం ఆస్పత్రిలో పోనాడు. నీకు ఫోన్ల మీద ఫోన్లు సేత్తన్నారు."

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఫోను తీసి చూసి, మళ్లీ సంచిలో పెట్టాను.

పెద్దకర్మకు ముందు అక్క గోడకు పెట్టడానికి ఫోటో కావాలంది. నా దగ్గరున్నవన్నీ బావను మంచం మీద తీసినవే. కెమెరాలో ఒక్కొక్కటీ జరుపుతుంటే ఆ తెప్ప ఫోటో వచ్చింది. అక్క కెమెరా లాక్కుని తిరగేసి పట్టుకుంది. తెరచాప మూలన పసుపు అతుకు. అలాంటి అతుకు బావ తెరచాపకు తన పాత చీర చింపి అక్కే వేసింది. అటకెక్కి చూశాను. చాప అక్కడే ఉంది. మడత విప్పితే దుమ్ము రాలింది.

"నిలబడ్డాడు సూడు," అంది అక్క.

వేరే ఊరి తెప్ప అయ్యుండొచ్చు. పసుపు గుడ్డ ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది. చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. వెలుగు ఎలా వంగుతుందో చెప్పగలను గాని, ఆ మనిషి అక్కడికి ఎలా వచ్చాడో మాత్రం చెప్పలేను.

అక్క అడిగినట్టే తిరగేసి పటం కట్టించాను. అందులో సముద్రం పైనుంది. బావ నిలబడి ఉన్నాడు.